తెరమీద ఒకరు, బొమ్మల కథలో మరొకరా?

ధారావాహిక నవలలు చదివేవారి జ్ఞాపకశక్తి అంటే నాకు గొప్ప గౌరవం. మూడోవారంలో కరణంగారి ఎడమకంట్లో పువ్వు పడిందని రచయిత వ్రాస్తాడు. పదకొండోవారం నాటికి ఆ సంగతి ఆయనే మరచిపోయి, కరణంగారు పువ్వు పడ్డ కుడికన్ను తుడుచుకుంటూ వీధరుగు మీదికి వచ్చారని వ్రాస్తాడు. ఇక చూసుకోండి! పోస్టుమాన్ సంచి బరువెక్కుతుంది. ‘‘అయ్యా, కరణంగారి కన్ను ఎప్పుడు మారింది? మేము ఏ వారమైనా చదవడం తప్పిపోయామా?’’ అని వినయంగా కొందరూ, వెటకారంగా మరికొందరూ. నవ్వుకుంటాం గాని, ఆ ఉత్తరం వ్రాసిన ఇల్లాలి బాధ నిజమైనదే. పదివారాలపాటు ఆ కరణాన్ని తన ఇంటి మనిషిలా చూసుకుంది గదా!

అయితే అదే నవలలో, చచ్చినా పైసా విదల్చని ఆ కరణం, కారణమేమీ లేకుండా, అడగని బీదవాడికి వెయ్యి రూపాయలు దానం చేశాడనుకోండి. అప్పుడు ఉత్తరాలు రావు. పాఠకులు పత్రిక పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లిపోతారు. కన్ను మారితే దిద్దుకోవచ్చు. మనిషే మారిపోతే దిద్దడానికి ఏం మిగిలింది?

ఈ రెండు రకాల తప్పులకూ ఉన్న తేడా కళ్లకు కట్టినట్లు కనబడాలంటే అమెరికాలో వెలువడిన కొన్ని బొమ్మల కథల పుస్తకాలు తిరగవేయాలి. టెలివిజన్‌లోనో, సినిమాలోనో పేరు మోసిన ఒక కథను పట్టుకుని, ఆ పాత్రలతోనే నెలనెలా కొత్త కథలు అల్లి, బొమ్మలు వేసి అమ్మే పుస్తకాలివి. కథ సొంతదారు ఒకరు, వ్రాసేది మరొకరు, బొమ్మ వేసేది ఇంకొకరు. ఉమ్మడి కాపురంలో పొయ్యి ఎవరు రాజేశారో, ఉప్పు ఎవరు వేశారో తెలియనట్లే ఉంటుంది వ్యవహారం.

1966 సెప్టెంబరు 8న ఎన్‌బిసి టెలివిజన్‌లో ‘స్టార్ ట్రెక్’ మొదలైంది. ఎంటర్‌ప్రైజ్ అనే వ్యోమనౌక. దానికి కర్క్ అనే కెప్టెను. ఆయన పక్కన స్పాక్ అనే అధికారి. స్పాక్ తండ్రి వల్కన్ గ్రహంవాడు, తల్లి మన భూలోకపు మనిషి. కోపంగాని, దుఃఖంగాని పైకి కనబడనివ్వడు. ప్రతిదానికీ తర్కం కావాలంటాడు. ఆయనకూ నౌకలోని డాక్టర్ మెకాయ్‌కీ క్షణం పడదు. అలాగని ఒకరిని విడిచి ఒకరు ఉండనూ లేరు. ఈ ముగ్గురి స్వభావాలూ ఒరుసుకోవడంలోనే ఆ కథకు ప్రాణం ఉంది. గ్రహాలూ, నక్షత్రాలూ వెనక వ్రేలాడగట్టిన తెరలు మాత్రమే.

మరుసటి ఏడు, అంటే 1967లో, గోల్డ్ కీ సంస్థ ఈ పాత్రలతో బొమ్మల కథలు వెయ్యడం ప్రారంభించింది. 1979 దాకా 61 సంచికలు వచ్చాయి. మొదటి సంచిక వెల 12 సెంట్లు. వీటిలో చాలా సంచికలకు బొమ్మలు వేసినవాడు అల్బెర్టో జియోలిట్టి అనే ఇటలీ చిత్రకారుడు. చెయ్యి తిరిగినవాడే, ఆయన గీసిన కొండలూ, మృగాలూ ఇప్పటికీ ముచ్చటగానే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆయన రోమ్‌లో కూర్చుని, టెలివిజన్ కథ చూడకుండానే, పంపిన ఫొటోలు ముందుపెట్టుకుని బొమ్మలు వేశాడు. ఫొటోలో నౌక ఉంది గాని అది ఎలా నడుస్తుందో ఫొటో చెప్పదు గదా! అంచేత ఎంటర్‌ప్రైజ్ వెనకనుంచి దీపావళి చిచ్చుబుడ్డిలా మంటలు చిమ్మాయి. కెప్టెనూ, స్పాకూ వీపున సంచులు కట్టుకుని, కొండలెక్కేవారిలా కొత్త గ్రహాలమీద తిరిగారు. టెలివిజన్‌లో నీలమూ, పసుపూ, ఎరుపూ అయిన చొక్కాలు పుస్తకంలో ఆకుపచ్చకు తిరిగాయి.

ఇవన్నీ కరణంగారి కన్ను వంటివి. వీటికి ఎవరిమీదా కోపం రాదు. చూడని ఊరు బొమ్మ వెయ్యమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? అమెరికాలో ఆ పుస్తకాలు కొని దాచుకున్న పిల్లలు, పెద్దవాళ్లయ్యాక ఆ చిచ్చుబుడ్డి నౌకను తలుచుకుని ప్రేమగానే నవ్వుకున్నారు.

మొదటి సంచికలో కథ ఉందే, అదీ అసలు తప్పు. ఎంటర్‌ప్రైజ్ ఒక గ్రహం చేరుతుంది. అక్కడ మొక్కలదే రాజ్యం. అవి కదులుతాయి, తింటాయి. వాటి బీజాలు సోకితే మనిషి మొక్క అయిపోతాడు. కర్క్ మనుషులు ఎలాగో బయటపడతారు. బాగానే ఉంది. తరువాత ఏం చేశారనుకున్నారు? ఆ బీజాలు ఎగిరివచ్చి ఇతర లోకాలకు సోకకుండా, నౌకలోనుంచే కిరణాలు ప్రయోగించి ఆ గ్రహంమీద ఉన్న మొక్కలన్నింటినీ తగలబెట్టి, తమ దారిన తాము వెళ్లిపోయారు. అక్కడ ఆలోచన ఉన్న ప్రాణులు ఏవైనా ఉన్నాయా అనే ప్రశ్న లేదు, చర్చ లేదు, చేసిన పనికి దిగులు లేదు.

అదే ఏడు, 1967 మార్చి 9న, టెలివిజన్‌లో ప్రసారమైన కథ ఒకటి చెబుతాను. దాని పక్కన దీన్ని పెట్టి చూడండి. ఒక గ్రహంలో గనులు తవ్వుతుంటారు. చీకటి సొరంగాల్లో రాతిప్రాణి ఒకటి పనివారిని చంపుతూ ఉంటుంది. కర్క్ మొదట దాన్ని చంపమనే ఆజ్ఞాపిస్తాడు. తీరా అది తనకు ఎదురుపడి, గాయంతో మూలుగుతూ నిలబడితే తుపాకి పేల్చలేకపోతాడు. అంతకుముందు దాన్ని బతికించాలన్న స్పాక్, కెప్టెనుకు అపాయమని తెలిసిన క్షణాన చంపెయ్యమని కేక పెడతాడు! చూశారా, స్నేహం తర్కాన్ని ఎలా తోసేసిందో? చివరికి స్పాక్ ఆ ప్రాణి మీద చెయ్యి వేసి దాని మనసు గ్రహిస్తాడు. అది తల్లి. గనివారు ఎందుకూ పనికిరావని పగలగొడుతున్న గుండ్రాళ్లు దాని గుడ్లు. అంతటితో వైరం పోయి ఒప్పందం కుదురుతుంది. ఆ పిల్లలే సొరంగాలు తవ్విపెడతాయి, మనుషులు ఖనిజం ఏరుకుంటారు.

ఈ కర్క్, ఆ కర్క్ ఒకరేనంటే నమ్మడం ఎలా? అటు రాయిలో తల్లి కనబడితే ఆయుధం దించినవాడు, ఇటు గ్రహమంతటినీ తగలబెట్టి చేతులు దులుపుకున్నాడు. మొహం నటుడిదే, పేరు కర్క్‌దే, లోపల ఉన్నవాడు ఎవడో!

ఇందులో పెద్దలు మరచిపోయే సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో ఇళ్లలో వీడియో రికార్డర్లు లేవు. టెలివిజన్‌లో వచ్చిన కథ ఆ రాత్రికి వచ్చిపోయిందంతే. తిరిగి ఎప్పుడు వేస్తారో వారి దయ. పిల్లవాడు చేతిలో పట్టుకోగలిగినది, జ్వరంతో పడుకున్నప్పుడు దిండుకింద పెట్టుకోగలిగినది ఈ 12 సెంట్ల పుస్తకం ఒక్కటే. ‘‘కర్క్ ఎటువంటివాడు?’’ అని వాడిని అడిగితే జవాబు ఈ పుస్తకంలోనుంచే రావాలి. వ్రాసినవారు దాన్ని నెల తిరిగితే చిత్తుకాగితమయ్యేదనే అనుకుని ఉంటారు. వాడికి మాత్రం అదే మూలగ్రంథం.

ఇంగ్లండులోనూ ఈ భాగోతం జరిగింది. బిబిసివారి ‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న ఆరంభమైంది. అందులో ముసలి డాక్టరుగారికి సూసన్ అనే మనుమరాలు. మరుసటి ఏడు ‘టివి కామిక్’ పత్రిక బొమ్మల కథ మొదలుపెట్టి, సూసన్‌ను పక్కకు తప్పించి, జాన్, గిలియన్ అనే ఇద్దరు కొత్త మనుమలను తెచ్చి ఆయనకు అంటగట్టింది. తాతగారు ఆ ఇద్దరినీ సొంత మనుమలలాగే సాకారు పాపం. టెలివిజన్‌లో మాత్రం వాళ్ల ఊసే లేదు!

‘‘అయితే మూలంలో లేనిది కల్పించకూడదంటారా?’’ అని మీరు అడగవచ్చు. అలా అంటే తెలుగువాడి నోట అది హాస్యాస్పదం. సీతమ్మవారి వాకిట లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకంలో లేదు. ‘మాయాబజార్’ చిత్రంలో 1957 నుంచీ మనల్ని అలరిస్తున్న శశిరేఖ వ్యాసులవారి భారతంలో లేదు. వీటికి మన పెద్దలు ‘అవాల్మీకం’, ‘ప్రక్షిప్తం’ అని పేర్లు పెట్టారు గాని, ఊరినుంచి వెలివెయ్యలేదు. ఎందుచేతనంటారు? లక్ష్మణుడు గీత గీశాడంటే, వదినగారిని ఒంటరిగా విడిచి వెళ్లలేక వెళ్లిన ఆ మరిది అటువంటి పని చెయ్యగలవాడే అనిపిస్తుంది. ‘మాయాబజార్’లో కృష్ణుడు ఏ క్షణానా కృష్ణుడు కాకుండా పోడు. కల్పన ఎంతైనా ఉండనివ్వండి, కల్పించినది ఆ మనిషికి అతకాలి. అదే లక్ష్మణుడు బంగారు లేడి మాంసానికి ఆశపడ్డాడని ఎవరైనా హరికథ చెబితే చిడతలు లాక్కుంటాం.

ఇక కథ అతకడం అనే రెండో చిక్కుకు వద్దాం. పాత్రలు సవ్యంగా ఉన్నా, సొంతదారు తలచుకుంటే కథ తలకిందులవుతుంది. డిసి సంస్థకు జరిగిన పరాభవం దీనికి సాటిలేని ఉదాహరణ.

1982లో వచ్చిన రెండో ‘స్టార్ ట్రెక్’ చిత్రంలో స్పాక్ చనిపోయాడు. 1984 మొదట్లో డిసివారు బొమ్మల కథ ఆరంభించేనాటికి ఆయన లేడు. లేనివాడు లేనట్లే కథ నడిపారు. అదే ఏడు జూన్ 1న మూడో చిత్రం విడుదలైంది. అందులో స్పాక్ తిరిగి బ్రతికాడు. బ్రతికాడన్న మాటేగాని మనసు కుదుటపడలేదు. ఎంటర్‌ప్రైజ్ బద్దలైపోయింది. కర్క్ కొడుకు డేవిడ్ హతుడయ్యాడు. పైవారి ఆజ్ఞ మీరి వెళ్లిన కర్క్, శత్రువుల నౌక ఎక్కి వల్కన్ చేరి, నేరస్థుడిగా నిలిచాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. మరో చిత్రం రావడానికి రెండేళ్లు పట్టింది.

సినిమావారు రెండేళ్లు ఆగగలరు. నెలపత్రిక నెల కూడా ఆగలేదు. రచయిత మైక్ బార్, చిత్రకారుడు టామ్ సటన్ ఏం చేస్తారు? వల్కన్ గ్రహంమీద అందరినీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోబెట్టి ఇరవై నాలుగు సంచికలు నడపలేరు గదా. పాత టెలివిజన్ కథలో ఒక అద్దపు లోకం ఉంది. అక్కడ మనవాళ్లే ఉంటారు గాని క్రూరులుగా ఉంటారు. ఆ లోకం మనమీదికి దండెత్తి వచ్చిందని ఎనిమిది సంచికల పెద్ద కథ అల్లారు. అందులో స్పాక్ మనసు చక్కబడింది. యుద్ధం గెలిచిన కర్క్ నేరం మాసిపోయి, ఎక్సెల్సియర్ అనే కొత్త నౌక చేతికి వచ్చింది. స్పాక్ ‘సురాక్’ అనే మరో నౌకకు కెప్టెను అయ్యాడు. కథ మళ్లీ పట్టాలెక్కింది. ఈ పెద్ద కథలో ప్రతివాడూ తనలాగే మాట్లాడతాడు, తనలాగే నడుచుకుంటాడు. మూలం వ్రాసినవారు చదివినా తప్పుపట్టరు.

1986 నవంబరులో నాలుగో చిత్రం వచ్చింది. అది ఎక్కడ మొదలవుతుంది? వల్కన్ మీద! మూడు నెలలుగా అందరూ అక్కడే ఉన్నారట. అదే శత్రువుల నౌక, అవే నేరాలు. స్పాక్ ఇంకా తన మనసును కూడదీసుకుంటూనే ఉన్నాడు. రెండేళ్లు నెలనెలా డబ్బిచ్చి చదివిన కథంతా ఏ గంగలో కలిసినట్లు?

డిసివారు చేసిన పని ఇంకా విచిత్రం. జరిగింది కలగా తేల్చెయ్యలేదు. కట్టిన ఇల్లు తామే ఇటుక ఇటుక విప్పారు. చివరి మూడు సంచికలలో ఒక మహమ్మారిని తెచ్చి, స్పాక్ నౌకకు సోకించి, ఆయన మనసు మళ్లీ చెదిరిపోయేటట్లు చేశారు. కర్క్ మిత్రుడికోసం మళ్లీ పైవారిని ధిక్కరించి, మళ్లీ వల్కన్ చేరాడు. సినిమా మొదటి దృశ్యానికి ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడ నిలబెట్టి పక్కకు తప్పుకున్నారు. నాటకం మధ్యలో తెర దింపి, చీకట్లో సామాను సర్దినట్లు! కథ అతికింది, కాదనను. కాని రెండేళ్లలో రెండుసార్లు స్పాక్ మతి పోగొట్టుకుని రెండుసార్లు వల్కన్ చేరితే, చదివేవాడు కన్నీరు పెట్టుకోడు, వేళ్లు లెక్కపెట్టుకుంటాడు. కథ అతకడంకోసం దుఃఖాన్ని అరగదీశారు. నా మట్టుకు నాకు, ఆ అద్దపు లోకపు కథను అలాగే వదిలేసి, ‘‘ఇది వేరు, అది వేరు’’ అని ఒక్క ముక్క వ్రాసి ఉంటే సరిపోయేదనిపిస్తుంది.

‘స్టార్ వార్స్’ సంగతి మరీ రసవత్తరం. ఆ చిత్రం 1977 మే 25న విడుదలైంది. మార్వెల్ సంస్థవారి బొమ్మల కథ మొదటి సంచిక అంతకుముందే దుకాణాల్లోకి వచ్చేసింది. రచయిత రాయ్ టామస్, చిత్రకారుడు హోవర్డ్ చేకిన్ వ్రాతప్రతినీ, కొన్ని ఫొటోలనూ దగ్గర పెట్టుకుని పని చేశారు. అంచేత చిత్రంలో కత్తిరించిన దృశ్యాలు పుస్తకంలో మిగిలిపోయాయి. జబ్బా అనే దొంగసరుకు వ్యాపారి, హాన్ సోలోను బాకీకోసం నిలదీసే ఘట్టం అందులో ఒకటి. జబ్బా ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? చిత్రంలో వేరే సందర్భంలో కనబడే ఒక గ్రహాంతరవాసి మొహం చూసి, మీసాలున్న సన్నపాటి మనిషి ఆకారం వేశారు. ఏళ్లతరబడి పుస్తకంలో జబ్బా అతడే. 1983లో మూడో చిత్రం వచ్చేసరికి జబ్బా గదంతా నిండిన పెద్ద జలగలా తేలాడు! మీసాల ఆసామీ గతి ఏమైనట్లు? తరువాతివారు అతడు జబ్బా గుమాస్తా అని సర్దిచెప్పి గండం గట్టెక్కారు. గుమాస్తా వచ్చి యజమాని పేర బాకీ అడగడం లోకంలో లేనిది కాదు గదా!

చిత్రం కథ ఆరు సంచికలతో పూర్తయింది. ఏడో సంచికనుంచి సొంత కథలు కావాలి. కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ బాణీలో, ఒక పల్లెను దొంగలనుంచి కాపాడటానికి హాన్ సోలో ఒక దళాన్ని కూడగట్టినట్లు అల్లారు. ఆ దళంలో ఒక ఆకుపచ్చ కుందేలు! నిలువెత్తు మనిషంత కుందేలు, చేతిలో తుపాకి, పేరు జాక్సన్. చిత్రకర్త జార్జి లూకాస్‌కు ఇది మింగుడుపడలేదని చెబుతారు. పదో సంచిక తరువాత టామస్ తప్పుకున్నాడు. కుందేలును వెక్కిరించని విమర్శకుడు లేడు. నేనుమాత్రం వెక్కిరించను. ఆ కథలో హాన్ సోలో ‘‘నాకెందుకొచ్చిన గొడవ’’ అంటూనే చివరికి పల్లె పక్షాన నిలబడతాడు. సినిమాలో చేసినదీ అదే. కుందేలు వింతేగాని, హాన్ హాన్‌గానే ఉన్నాడు.

తరువాత వచ్చిన ఆర్చీ గుడ్విన్ చేసిన పని నాకు అన్నింటికంటె ఇష్టం. ఆయన రచనకు కార్మైన్ ఇన్ఫంటీనో బొమ్మలు. చిత్రం చివర లూక్ స్కైవాకర్ అనే కుర్రవాడు శత్రువుల మహాయంత్రాన్ని పేల్చేశాడు. పేల్చినదెవరో డార్త్ వేడర్‌కు తెలియదు. తెలుసుకోకుండా ఊరుకునే మనిషి కాడు. చిత్రం వదిలేసిన ఈ సందును గుడ్విన్ పట్టుకున్నాడు. వాలన్స్ అనే వేటగాడిని సృష్టించాడు. వీడికి మరమనుషులంటే అసహ్యం, కనబడితే నాశనం చేస్తాడు. ఎందుకంటే యుద్ధంలో గాయపడి, తన శరీరంలో సగం యంత్రమైపోయింది. ఆ సంగతి దాచుకోలేక, భరించలేక రగిలిపోతున్నాడు. అటువంటివాడు లూక్‌ను పట్టుకోబోయి, ఆ కుర్రవాడు తన మరమనిషిని కాపాడటానికి ప్రాణాలకు తెగించడం చూశాడు. యంత్రాన్ని స్నేహితుడిగా చూసేవాడు లోకంలో ఉన్నాడని వాడికి అప్పుడే తెలిసింది. తుదకు 1979లో వచ్చిన ఇరవైతొమ్మిదో సంచికలో, లూక్ పేరు వేడర్ చెవిన పడకుండా, వాలన్స్ వేడర్‌తో పోరాడి చనిపోతాడు.

చిత్రంలో జరిగినది ఒక్కటీ మారలేదు. వేడర్ వేడర్‌లాగే ఉన్నాడు. లూక్ ఏ గొప్ప పనీ చెయ్యలేదు, తన స్వభావం ప్రకారం నడుచుకున్నాడు. ఆ స్వభావం ఒక పగవాడిని మార్చింది. ఇంకో విశేషం ఏమిటంటే, వేడర్ లూక్‌కు తండ్రి అని అప్పటికి మార్వెల్‌వారికి తెలియదు. 1980 చిత్రంలో ఆ సంగతి బయటపడినప్పుడు, నటించినవారిలోనే చాలామందికి అది కొత్త. తెలియకుండా వ్రాసినా, తెలిసినతరువాత చదివితే ఆ కథ చెడలేదు. సగం యంత్రమైన ఒక మనిషి, సగం యంత్రమైన మరో మనిషి చేతిలో, ఆ రెండోవాడి కొడుకును కాపాడుతూ చచ్చిపోయాడు! మనుషుల స్వభావం నిజంగా పట్టుకుని వ్రాస్తే, ఒక్కొక్కప్పుడు రాబోయే కథ గూడా దానంతటదే వచ్చి అతుక్కుంటుంది కాబోలు.

అన్నీ అలా అతకలేదు. లూక్‌కూ లేయాకూ మధ్య ప్రేమ మొగ్గ తొడుగుతున్నట్లు పుస్తకాలు సూచిస్తూ వచ్చాయి. 1983లో వారిద్దరూ కవల పిల్లలని తేలింది. పాత సంచికలు తిరగవేసిన పాఠకుడి ఇబ్బంది నేను చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ బొమ్మల కథవారిని ఒక్కరినే బోనెక్కించడం న్యాయం కాదు. 1980 చిత్రంలోనే లేయా లూక్‌ను ముద్దు పెట్టుకుంటుంది. తండ్రి చనిపోయాడని మొదటి చిత్రంలో చెప్పిన పెద్దాయన, మూడో చిత్రంలో ‘‘ఒక విధంగా చూస్తే అది నిజమే’’ అన్న ధోరణిలో సర్దుకుంటాడు. మూలమే మాట మారిస్తే వ్యాఖ్యానం ఏం చేస్తుంది?

1980 మే నుంచి 1983 మే దాకా మార్వెల్‌వారు పడిన అవస్థ ఇంకా ఉంది. హాన్ సోలోను చిత్రం చివర గడ్డకట్టించి తీసుకుపోయారు. విడిపించడం సినిమావారి హక్కు. మూడేళ్లపాటు పుస్తకంలో అందరూ హాన్‌ను వెతకాలి, దొరకకూడదు! అదే రోజుల్లో డేవిడ్ మికెలీనీ, వాల్టర్ సైమన్సన్ కలిసి శత్రువులు మరో మహాయంత్రాన్ని కడుతున్నట్లు కథ తలపెట్టారు. వీల్లేదన్నారు లూకాస్ సంస్థవారు. ఎందుకో చెప్పలేదు గాని, రాబోయే చిత్రంలో ఉన్నది అదే. వీరు దాని ఆకారం మార్చి, ‘టార్కిన్’ అని పేరు పెట్టి గట్టెక్కారు. చేతులు ఇలా కట్టేసి ఉంటే నీరసపు కథలు వస్తాయనుకుంటాం. ఈ ఇద్దరే 1982లో షీరా బ్రీ కథ చెప్పారు. లూక్ యుద్ధంలో యంత్రాలను నమ్మకుండా, కళ్లు మూసుకుని అంతఃశక్తిని నమ్మి గురి చూసి కొట్టాడు. కూలినది తమ పక్షపు విమానమే. అందులో ఉన్నది తనకు ఎంతో దగ్గరైన స్నేహితురాలు షీరా. తోటివారు మొహం తిప్పుకున్నారు. తన శక్తిమీద తనకే అనుమానం. ఆమె ఎవరో తెలుసుకోవడానికి ఒంటరిగా బయలుదేరి చూస్తే, ఆమె వేడర్ పంపిన గూఢచారి అని తేలింది. శక్తి అబద్ధం చెప్పలేదు. అయినా చంపబోయినది చెలిమి చేసిన మనిషినేగా! సినిమాలు లూక్‌ను ఇంత ఇరకాటంలో ఎన్నడూ పెట్టలేదు.

ఆ పుస్తకాలు 107 సంచికలు సాగి 1986లో ఆగాయి. తరువాత ఇతర సంస్థలు వేసిన కథలు, నవలలు గుట్టలుగా పెరిగాయి. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ, కొత్త చిత్రాలకు దారి చేసుకోవడానికి, ఈ గుట్ట అంతటికీ ‘లెజెండ్స్’ అని పేరుపెట్టి పక్కకు జరిపింది. చెప్పకుండానే చెప్పినట్లు, అవి ఇక అవాల్మీకాలు! ముప్పైయేడేళ్లుగా చదివి, గుర్తు పెట్టుకుని, తేదీలు అతికించుకున్నవారికి ఇది తాతగారి ఆస్తి చెల్లదని కోర్టు తీర్పు చెప్పినట్లయింది. కథలన్నీ ఒకదానికొకటి అతకాలన్న పట్టుదల సంస్థదే గనుక, ఆ పట్టుదలకు పాత పాఠకులు మూల్యం చెల్లించారు.

2015లో మార్వెల్‌వారే మళ్లీ మొదలుపెట్టారు. కీరన్ గిలెన్ రచన, సాల్వడోర్ లారోకా బొమ్మలతో వచ్చిన వేడర్ కథలో, గుడ్విన్ పట్టుకున్న సందే మళ్లీ వచ్చింది. ఆ పేలుడు చేసిన కుర్రవాడి పేరు వేటగాడు వేడర్‌కు చెబుతాడు. స్కైవాకర్. తన బిడ్డ భార్యతోపాటే పోయిందని ఇన్నాళ్లూ నమ్మిన తండ్రికి, చక్రవర్తి తనను మోసగించాడని ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది. వేడర్ ఒక్క మాటా పలకడు. ముసుగు ఉంది గనుక మొహమూ కనబడదు. ఎదుట ఉన్న కిటికీ అద్దం మాత్రం బీటలు వారుతుంది. 1979లో ఈ కథ వ్రాసినవాడికి తెలియనిది 2015లో వ్రాసినవాడికి తెలుసు. అంచేత ఇది మరింత లోతుగా దిగింది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఏది నిజమని సంస్థవారు తేల్చినా, రెండూ చదివి దాచుకోవడానికి బీరువాలో చోటుంటుంది.

ఆ వాలన్స్‌ను గూడా 2018 తరువాత మార్వెల్‌వారు కొత్త కథల్లోకి తీసుకువచ్చారు. సగం యంత్రపు శరీరం, ఆ చిరాకు అలాగే ఉన్నాయి. ఇక ఆకుపచ్చ కుందేలంటారా? 2018లో ఐడిడబ్ల్యు అనే సంస్థ పిల్లలకోసం వేసిన ‘స్టార్ వార్స్’ వార్షిక సంచికలో, నలభై ఏళ్ల తరువాత, తుపాకితో సహా తిరిగి వచ్చింది.